గుడ్లు ఎన్ని పడతాయన్నది తర్వాతి సంగతి

ఇంట్లో ఇంక్యుబేటర్, అంటే గుడ్లు పొదిగించే యంత్రం, ఉందని తెలిసిన ప్రతివారూ నన్ను మొదట అడిగేది ఒకటే: ‘ఎన్ని గుడ్లు పడతాయండీ?’ అమ్మేవాళ్లు డబ్బా మీద పెద్ద అక్షరాలతో వేసేదీ ఆ అంకెనే. ఒడిశాలోని పర్లాకిమిడిలో, పెరట్లో నాటుకోళ్లు పెంచుకుంటూ కొన్నేళ్లుగా రెండు రకాల యంత్రాలు వాడాను. నన్నడిగితే కొనేటప్పుడు చూడాల్సిన వాటిలో అది చిట్టచివరిది. తెర మీద చూపించే వేడి నిజమా కాదా అన్నది మొదటిది. కరెంటు పోతే ఏం చేయాలన్నది రెండోది.

అసలు యంత్రం అవసరమా అన్నది ముందే తేల్చుకోవడం మంచిది. రెండు మూడు నాటు పెట్టలు, ఒక పుంజు ఉన్న ఇంటికి అక్కర్లేదు. పొదుగుకు వచ్చిన పెట్టను ఇసుక పోసిన తట్టలో పది పన్నెండు గుడ్ల మీద కూర్చోబెడితే ఏ యంత్రమూ దాని ముందు నిలవదు. వేడి, తేమ, గుడ్లు తిప్పడం అన్నీ అదే చూసుకుంటుంది. చిక్కల్లా, పెట్ట మన పంచాంగం చూడదు. పైగా పొదుగుకు వచ్చింది మొదలు పిల్లల్ని విడిచేదాకా గుడ్డు పెట్టదు. ఇక వనరాజా, గ్రామప్రియ వంటి రకాలకు పొదగాలన్న ధ్యాసే తక్కువ. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన ఈ రకాలు పెంచేవాళ్లకు యంత్రం తప్పదు.

మా వైపు నాటుకోడి ధర పండుగల మీద నడుస్తుంది. ఒడిశాలో పూర్ణిమతో ముగిసే కార్తీక మాసమంతా చాలా ఇళ్లలో మాంసం ముట్టరు. పూర్ణిమ మర్నాడు మళ్లీ మాంసం మొదలుపెట్టే ఛాడఖాయి పండుగ. ఆ రోజు మార్కెట్లో కోడి నిలవదు. ఆ తర్వాత రెండు నెలలకు మన సంక్రాంతి. నాటుకోడి కూరకు అందిరావడానికి అయిదారు నెలలు పడుతుంది కాబట్టి ఛాడఖాయికి కోడి కావాలంటే మే చివర, జూన్ మొదట్లో పిల్ల బయటికి రావాలి. అంటే మే నెల ఎండల్లో, ఈదురుగాలులకు కరెంటు పోయే రోజుల్లో గుడ్లు యంత్రంలో ఉండాలి.

ఇది అమ్మేవాళ్లు చెప్పని సంగతి: ఇళ్లలో వాడే ఇంక్యుబేటర్ వేడి చేయగలదు, చల్లబరచలేదు. గది 39 డిగ్రీలకు చేరితే అలాంటి ఏ యంత్రమైనా అంతకంటే కిందికి దిగదు. గుడ్డులోని పిండం చలిని కొంతసేపు ఓర్చుకుంటుంది గాని వేడిని ఓర్చుకోదు. అందుకే రేకుల షెడ్డులో పెట్టవద్దంటాను. మా ఇంట్లో అది పెంకుటింటి నడిమి గదిలో, కిటికీకి దూరంగా, ఎండ పడని గోడ పక్కన ఉంటుంది. యంత్రం మీద పెట్టే వెయ్యి రూపాయల కంటే ఈ చోటు ఎంపికే ఎక్కువ పిల్లల్ని బతికించింది.

నేను మొదట వాడింది చేపల మార్కెట్లో ఐసుతో వచ్చే థర్మోకోల్ పెట్టె. అందులో రెండు బల్బులు, ఒక చిన్న ఫ్యాను, వేడిని బట్టి కరెంటు కలిపి కోసే, చవకగా దొరికే థర్మోస్టాట్ బోర్డు. పని చేయలేదనను, చాలా పిల్లల్నే ఇచ్చింది. దాని బలహీనత రిలే. రిలే అంటే టిక్కుటిక్కుమంటూ బల్బును ఆర్పి వెలిగించే చిన్న స్విచ్చి. రోజంతా ఆ పనే చేసి చేసి, లోపల పుట్టే రవ్వలకు దాని కొసలు ఒక్కోసారి అతుక్కుపోతాయి. అతుక్కుంటే బల్బు ఇక ఆరదు. ఒక తెల్లవారుజామున మూత మీద చెయ్యి వేస్తే కాలింది, తెర మీద 43 డిగ్రీలు. ఆ విడతలో ఒక్క గుడ్డూ మిగలలేదు. ఇప్పుడు ఎవరైనా ఇంట్లో చేసుకుంటామంటే రెండో థర్మోస్టాట్ ఒకటి వరసలో కలిపి, 38.5 దగ్గర కరెంటు కోసేలా పెట్టుకోమంటాను. బల్బుకు, పిల్లల ప్రాణానికి మధ్య ఒకే ఒక్క రిలే ఉండకూడదు. థర్మోకోల్‌కు ఇంకో జబ్బు ఉంది. పిల్లలు దిగాక నూగు, పొరలు, మురిగిన గుడ్డు కారిన మరకలు దాని రంధ్రాల్లోకి దిగుతాయి. ఎంత తుడిచినా వాసన పోదు, దాంతోపాటు క్రిములూ పోవు.

రెండోది, ఇప్పటికీ వాడుతున్నది, 56 గుడ్ల ప్లాస్టిక్ యంత్రం. ఫ్యాను ఉంది, గుడ్లు తనంతట తానే తిప్పుతుంది, పైన పారదర్శకమైన మూత. కడిగి, ఎండబెట్టి వాడుకోవచ్చు. ఆ ఒక్క సుఖానికే థర్మోకోల్ వైపు మళ్లీ చూడలేదు.

వేడి సంగతికి వద్దాం. ఫ్యాను ఉన్న యంత్రంలో కోడిగుడ్డుకు 37.5 డిగ్రీలు కావాలి. ఫ్యాను లేనిదానిలో వేడిగాలి పైకి తేలుతుంది కాబట్టి గుడ్ల పైభాగం దగ్గర 38.5 దాకా ఉండాలి. కొత్త యంత్రం చూపించే అంకెను నమ్మకండి. జ్వరం చూసే డిజిటల్ థర్మామీటరును గుడ్ల మధ్య పెట్టి చూడండి. 37 చుట్టూ కచ్చితంగా చూపడానికే దాన్ని చేశారు కనుక ఈ పనికి అంతకంటే మంచిది ఇంట్లో ఉండదు. మా యంత్రం 37.8 చూపించినప్పుడు లోపల నిజంగా ఉన్నది 37.2. సెట్టింగుల్లో ఆ తేడా సరిచేసుకునే వీలుంది. కొనేముందు అలాంటి వీలుందో లేదో అడగండి. నాలుగు మూలల్లోనూ కొలవండి. మూలకూ మధ్యకూ ఒక డిగ్రీ తేడా వస్తే ఫ్యాను చాలడం లేదన్నమాట.

థర్మామీటరు చెప్పనిది పిల్లలు చెబుతాయి. ఇరవై ఒకటో రోజుకు దిగాల్సిన పిల్లలు పందొమ్మిదో రోజే దిగి, బొడ్డు పచ్చిగా ఉంటే వేడి ఎక్కువైంది. ఇరవై రెండు, ఇరవై మూడుకు ఈడ్చుకుంటూ, పొట్ట ఉబ్బి నీరసంగా దిగితే తక్కువైంది.

తేమ మీద జనం పడే హైరానా నాకు అతిగా అనిపిస్తుంది. పద్దెనిమిదో రోజు దాకా 50 శాతం అటూ ఇటూ, చివరి మూడు రోజులు 65 నుంచి 70. మా ఊళ్లో శ్రావణ భాద్రపదాల్లో బయట 28 డిగ్రీలు, 85 శాతం తేమ మామూలే. ఆ గాలే లోపలికి వెళ్లి 37.5కు వేడెక్కితే తేమ దానంతట అదే 50 దగ్గరికి దిగుతుంది. ఇక నీళ్లు పోయాల్సిన పనేమిటి? జనవరి చలిలో అదే గాలి 25 శాతానికి పడిపోతుంది, అప్పుడు పోయాలి. తేమ చూపించే తెరను కూడా పరీక్షించుకోవచ్చు. మూత గట్టిగా పట్టే డబ్బాలో ముద్దగా తడిపిన ఉప్పు గిన్నె, పక్కన చిన్న తేమ మీటరు పెట్టి ఒక రాత్రి ఉంచితే అది 75 చూపించాలి. ఆ మీటరును తర్వాత యంత్రంలో పెట్టి రెండు అంకెలూ పోల్చుకోండి. ఇదంతా ఎందుకనుకుంటే గుడ్లు తూచండి. 45 గ్రాముల నాటుగుడ్డు పద్దెనిమిదో రోజుకు అయిదారు గ్రాములు తగ్గితే తేమ సరిగ్గా ఉన్నట్టే. వంటింటి చిన్న కాటా చాలు.

కరెంటు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లాను ఊడ్చేసినప్పుడు ఇక్కడ రోజుల తరబడి చీకటే. అలాంటి దానికి ఏ బ్యాటరీ అయినా చేతులెత్తేస్తుంది. కానీ వేసవిలో వచ్చే మూడు నాలుగు గంటల కోతకు దారి ఉంది. చిన్న యంత్రం హీటరు వెలిగినప్పుడు 80 వాట్ల దాకా లాగుతుంది, ఆరుతూ వెలుగుతూ ఉంటుంది కనుక సగటున సగమే. ఇంటి ఇన్వర్టరు మీద ఫ్యాన్లతోపాటు దాన్నీ వేసేశాను. ఇన్వర్టరు లేనివాళ్లు 12 వోల్టుల బ్యాటరీకి నేరుగా తగిలించే వైరున్న రకం తీసుకోండి. ఏదీ లేకపోతే మూత తెరవకుండా దుప్పటి కప్పండి, గాలి రంధ్రాలు మాత్రం మూయవద్దు. రెండో వారం దాటిన గుడ్లు సొంతంగా వేడి పుట్టిస్తాయి, నిండుగా ఉన్న యంత్రం చాలాసేపు కాచుకుంటుంది. మొదటి వారం గుడ్లకు కూడా ఒకటి రెండు గంటలకు ప్రాణం పోదు, దిగడం కాస్త ఆలస్యమవుతుంది.

గుడ్లు తనంతట తానే తిప్పే సదుపాయం తీసుకోండి, రాత్రుళ్లు లేవాల్సిన బాధ తప్పుతుంది. ఒక్క చిక్కు: అందులో గుడ్లు కూర్చునే గళ్లు ఫారం గుడ్డు కొలతకు చేసినవి. నాటుగుడ్డు అందులో వదులుగా పడి, గడి కదిలినా తాను కదలకుండా కూర్చుంటుంది. గళ్ల అంచుకు అట్టముక్క దూర్చితే సరిపోయింది. పెన్సిలుతో గుడ్డుకు ఒక వైపు గీత పెట్టండి, తిరుగుతోందో లేదో కనిపిస్తుంది.

పాతపట్నం సంతలో కొన్న గుడ్లతో పొదిగించవద్దు. ఎన్నాళ్లవో తెలియదు, పుంజు ఉన్న ఇంటివో కాదో తెలియదు. వారంలోపు గుడ్లు, సన్న కొస కిందికి పెట్టి దాచినవి, పది పెట్టలకు ఒక పుంజు ఉన్న ఇంటివి కావాలి. ఆటోలో కుదుపులు తిన్న గుడ్లను ఒక పూట కదపకుండా ఉంచాకే లోపల పెట్టాలి.

పద్దెనిమిదో రోజు తిప్పడం ఆపి, నీళ్లు నింపి, మూత వేస్తే ఇక తెరవకూడదు. ఇది ఇంట్లోవాళ్లకు నచ్చజెప్పడం మిగతా పనులన్నిటికంటే కష్టం. గుడ్డు మొద్దు వైపు ఆవగింజంత బీట పడుతుంది. లోపలినుంచి కిచకిచ వినిపిస్తుంది. ఆ తర్వాత పన్నెండు గంటలైనా, ఒక్కోసారి రోజంతా అయినా ఏమీ జరగదు. ‘పాపం, దానికి బలం చాలడం లేదు బాబూ, కాస్త పెంకు గిల్లి పెట్టు’ అని మా అత్తగారు మూత చుట్టూ తిరుగుతారు. ‘ఆగండి అత్తయ్యా, అది లోపల పచ్చసొన లాక్కుంటోంది’ అని ప్రతిసారీ చెబుతాను. ఆ సమయంలో పొరలో నెత్తురు ఇంకా పారుతూ ఉంటుంది, గిల్లితే కారుతుంది. మూత తెరిస్తే తేమ పోయి, మిగతా గుడ్లలో పొర ఎండి పిల్లలకు అతుక్కుంటుంది. దిగిన పిల్లలు లోపలి సొన మీదే రెండు రోజులు తిండి లేకుండా ఉండగలవు. ఆరి, నూగు పొంగాకే బయటికి తీస్తాను.

ఇన్నేళ్లలో పాడైనవి: తిప్పే మోటారులో ప్లాస్టిక్ పళ్లచక్రం ఒకటి, మూత అంచు పగులు, నీళ్ల గాడిలో గట్టిపడిన సున్నం. సున్నం నిమ్మరసానికి పోయింది. మోటారు ఆన్‌లైన్‌లో దొరికింది. బోర్డు, హీటరు చెక్కు చెదరలేదు. ఫ్యాను మాత్రం ఈ మధ్య గీరుకుంటోంది, గుడ్లు పెట్టేలోపే మార్చాలి. దానికోసం బరంపురం దాకా వెళ్లక్కర్లేదు. కంప్యూటర్‌లో వాడే 12 వోల్టుల ఫ్యానే, కొలత చూసుకుని తెచ్చుకుంటే సరిగ్గా కూర్చుంటుంది.