పర్లాకిమిడి పూజా సామగ్రి దుకాణం: కర్పూరం మేలు, వత్తులు లెక్కపెట్టుకోవాలి

గజపతి జిల్లా పర్లాకిమిడి బజారులోని ఈ దుకాణంలో మూడేళ్లుగా పసుపు, కుంకుమ, హారతి కర్పూరం కొంటున్నాము. కర్పూరం నాణ్యమైనది, వెలిగిస్తే పళ్లెంలో మడ్డి మిగలదు.

అయితే సరుకు కంటే అక్కడికి వచ్చే జనమే నన్ను ఆలోచింపజేశారు. చదువు, సంపాదన పెరిగితే భక్తి సన్నగిల్లుతుందని చాలామంది అంటారు. ధనిక దేశాలను పేద దేశాలతో పోల్చిన సర్వేలు మొత్తం మీద ఆ మాటనే బలపరుస్తాయి గానీ, అమెరికా మాత్రం ఆ లెక్కకు లొంగదు. మన దేశంలో 2019-20లో ప్యూ పరిశోధన సంస్థ సుమారు 30,000 మందిని అడిగినప్పుడు 97 శాతం మంది దేవుణ్ణి నమ్ముతున్నామన్నారు. ఈ గల్లా దగ్గర నిలబడితే మారేది నమ్మకం కాదు, కొనుగోలు అని నాకు తోస్తుంది: కూలిపని ముగించుకుని వచ్చిన ఆవిడ కొంగుముడి విప్పి చిన్న కర్పూరం పొట్లం తీసుకుంటే, ఆమె వెనుకే నిలుచున్న కాలేజీ లెక్చరరు గారు వెండి కుందుల జతను బేరమాడకుండా కట్టించుకున్నారు. యజమాని ఒకరిని ‘అమ్మా’ అని, మరొకరిని ‘మాస్టారూ’ అని ఒకే మర్యాదతో పలకరించారు.

లోపమూ ఉంది. నూరు వత్తులని అమ్మిన పొట్లంలో ఎనభై రెండే ఉన్నాయి. అడిగితే మారు మాట్లాడకుండా మార్చి ఇచ్చారు. బిల్లు మాత్రం అడిగితేనే రాస్తారు.