చిగురు దిగిన పళ్లకు ఏ పేస్టు, ఏ పొడి, ఏ బ్రష్షు? అనంతపురం అంగళ్లలో దొరికే సరుకులపై సమీక్ష

నలభై దాటినవాళ్లు అద్దం ముందు పెదవి ఎత్తి చూసుకుంటే, చాలామందికి చిగురుకు ఆనుకుని పసుపు రంగులో సన్నటి పట్టీ కనిపిస్తుంది. గార అనుకుని దాన్ని గట్టిగా రుద్దుతారు. అది గార కాదు, చిగురు జారడంతో బయటపడిన పంటి వేరు. పైన తెల్లగా ఉండే ఎనామిల్ కరగాలంటే నోట్లో పీహెచ్ (పులుపును చెప్పే అంకె, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 5.5 దాకా పడిపోవాలి. వేరుకు ఆ కవచం లేదు, 6.2 నుంచి 6.7 మధ్యకు దిగినా చాలు, కరగడం మొదలవుతుంది. ఇరవై ఏళ్లప్పుడు ఏమీ చేయని తియ్యటి టీ అలవాటే యాభైలో పన్ను పుచ్చిపోయేలా చేయడానికి కారణం ఇదే. అందుకే మెడికల్ షాపుల్లోనూ చిల్లర అంగళ్లలోనూ దొరికే సరుకులన్నిటినీ ఇక్కడ ఒకే ప్రశ్నతో చూశాం: బయటపడ్డ వేరును ఇది కాపాడుతుందా, అరగదీస్తుందా?

ముందు పళ్లపొడి. పెద్దవాళ్లు ఎక్కువగా నమ్మేది ఎర్రపొడినే. లవంగం, మిరియం, శొంఠి ఘాటుకు నోరు శుభ్రమైనట్టు అనిపిస్తుంది. చిటికెడు పొడిని తడిపి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది చూడండి. వేళ్లకు గరుకు తగిలితే అది వేరు మీద గరుకు కాగితంలా పనిచేస్తుంది. ఎనామిల్ కొంతకాలం తట్టుకుంటుంది. దానికన్నా ఎంతో మెత్తనైన వేరు మాత్రం రోజూ కొంచెం కొంచెం అరిగి, చిగురు పక్కన గొడ్డలితో నరికినట్టు గాడి పడుతుంది. ఆ గాడిలో అన్నం, పిండి నిలిచి పుచ్చు మొదలవుతుంది. పైగా పంటిని గట్టిపరిచి పుచ్చును అడ్డుకునే ఫ్లోరైడ్ ఈ పొడుల్లో చాలావాటిలో ఉండదు. ఉప్పు, బొగ్గు, ఇటుకపొడి, పిడక బూడిద అంతకన్నా చెడ్డవి. పొగాకు కలిపిన పళ్లపొడిని 1992లోనే నిషేధించినా, ముక్కుపొడితో పళ్లు రుద్దుకునే అలవాటు కొందరిలో ఇంకా ఉంది. పొగాకు చిగురును దించుతుంది, అప్పుడు వేరు మరింత బయటపడుతుంది. చిగురు దిగినవాళ్లకు పొడి వద్దేవద్దన్నది మా మాట.

వేపపుల్లను కొట్టిపారేయం. చివర బాగా నమిలి మెత్తటి కుంచెలా చేసుకుంటే ముందు పళ్ల బయటివైపు బాగానే శుభ్రం చేస్తుంది. కానీ దవడపళ్ల లోపలి వైపుకూ పళ్ల సందుల్లోకీ పోదు. వేరు పుచ్చు ఆ సందుల్లోనూ మొదలవుతుంది. పుల్లతో తోమినా రాత్రికి పేస్టూ బ్రష్షూ తప్పవు.

పేస్టు కొనేటప్పుడు కంపెనీ పేరు కన్నా, ముందున్న వేపాకు, లవంగం బొమ్మల కన్నా ముఖ్యమైనది వెనకవైపు సన్నటి అక్షరాల్లో ఉంటుంది. ఫ్లోరైడ్ ఉన్న పేస్టు అయితే అది ఎన్ని పీపీఎం (పది లక్షల పాళ్లలో ఎన్ని పాళ్లు) ఉందో ట్యూబు మీదా అట్టపెట్టె మీదా వేయాలని మన దేశంలో నిబంధన ఉంది. 1000 పీపీఎం దాటకూడదన్నదీ అందులోనే ఉంది. 1000 అనో దానికి దగ్గరి అంకెనో కనిపిస్తే తీసుకోండి. అంకే లేకపోతే అందులో ఫ్లోరైడ్ లేదనుకోవాలి. మూలికల పేస్టులు చాలావరకు ఈ కోవలోవే. గడువు తేదీ కూడా చూడండి. అంగట్లో ఎండ తగిలే అరలో ఏడాదిగా పడివున్న ట్యూబు వద్దు.

ఇక్కడే మన జిల్లావాళ్లకు ఒక అనుమానం వస్తుంది, అది న్యాయమైనదే. అనంతపురం జిల్లాలో ఎన్నో ఊళ్ల బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. గారపళ్లు, వంగిన కాళ్లు కళ్లారా చూసినవాళ్లకు ఫ్లోరైడ్ పేస్టు అంటేనే భయం. సత్యసాయి తాగునీటి పథకం 1990ల నడుమ ఇక్కడికి రావడానికి ఉన్న కారణాల్లో ఈ నీళ్ల బాధ ఒకటి. లెక్క వేసి చూద్దాం. 1000 పీపీఎం అంటే ఒక గ్రాము పేస్టులో ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్. రోజుకు రెండుసార్లు ఒక్కో గ్రాము వాడితే రెండు మిల్లీగ్రాములు, అందులోనూ చాలావరకు ఉమ్మేస్తాం. లీటరుకు 3 మిల్లీగ్రాములున్న బోరునీళ్లు రోజుకు మూడు లీటర్లు తాగితే 9 మిల్లీగ్రాములు నేరుగా కడుపులోకి పోతుంది. తాగునీటికి గరిష్ఠ పరిమితే లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. జాగ్రత్త పడాల్సింది నీళ్ల దగ్గర, పేస్టు దగ్గర కాదు. పళ్ల మీద మచ్చలు పడేది చిగురు లోపల పన్ను తయారయ్యే చిన్నతనంలోనే, పెద్దయ్యాక పేస్టుతో కొత్తగా రావు. పైగా ఇప్పుడు ఎక్కువ ఇళ్లలో ఆర్వో క్యాన్ నీళ్లే తాగుతున్నారు, ఆ వడపోతలో ఫ్లోరైడ్ చాలావరకు పోతుంది. ఇక వేరుకు దన్నుగా మిగిలేది పేస్టే. ఆరేళ్లలోపు పిల్లలకు మాత్రం పెద్దలే పేస్టు వేసి, మింగకుండా దగ్గరుండి చూడాలి. మూడేళ్లలోపైతే బియ్యపు గింజంత, ఆపైన బఠాణీ గింజంత చాలు.

మంచి పేస్టు కొని కూడా దాన్ని వృథా చేసే పని ఒకటుంది. తోమాక చెంబెడు నీళ్లతో నాలుగైదుసార్లు పుక్కిలిస్తే వేరుకు పట్టాల్సిన ఫ్లోరైడ్ అంతా కాలవలో పోతుంది. నురగ ఉమ్మేసి ఊరుకోండి. రెండు రోజులు నోట్లో వింతగా ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది. పగటికన్నా రాత్రి తోముడు ముఖ్యం. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది, కడిగేవాడు లేని గిన్నెలా ఉంటుంది నోరు.

బ్రష్షుల్లో ‘హార్డ్’, ‘మీడియం’ రెండూ పక్కన పెట్టేయండి. ‘సాఫ్ట్’ గానీ ‘ఎక్స్‌ట్రా సాఫ్ట్’ గానీ, తల చిన్నగా ఉన్నది తీసుకోండి. పిడికిలి బిగించి పట్టుకుంటే బలం ఎక్కువ పడుతుంది, పెన్ను పట్టుకున్నట్టు వేళ్లతో పట్టుకోండి. కుచ్చును చిగురూ పన్నూ కలిసేచోట ఏటవాలుగా, 45 డిగ్రీల్లో ఆనించి, ఉన్నచోటే సన్నగా కదిలించాలి. అడ్డంగా రంపం కోసినట్టు లాగడమే గాడులకు మూలం. మొత్తం రెండు నిమిషాలు. నెలకే కుచ్చు విచ్చుకుపోతే తప్పు బ్రష్షుది కాదు, చేతిది. బాగానే ఉన్నా మూడు నెలలకు మార్చండి.

సందుల సంగతి. మాంసం తిన్నాక పిన్నీసు, అగ్గిపుల్ల పెట్టి పొడవడం మన దగ్గర మామూలే. దాంతో చిగురు గాయపడి ఇంకా దిగుతుంది. పళ్ల సందులు తుడిచే దారం (ఫ్లాస్) మంచిదే, కానీ వేరు పక్కభాగం లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది. దారం ఆ పల్లం మీదుగా జారిపోతుందే తప్ప లోపలికి దిగదు. సందు బ్రష్షు, అంటే సీసా కడిగే బ్రష్షును సూదంత చేసినట్టుండేది, ఆ పల్లాన్ని నింపి తుడుస్తుంది. ఈ సమీక్షలో మాకు అన్నిటికన్నా నచ్చిన సరుకు ఇదే. చిల్లర అంగట్లో దొరకదు, పళ్ల ఆసుపత్రుల దగ్గరి మెడికల్ షాపుల్లో అడగాలి. కొలతలు చాలా ఉంటాయి. కొంచెం బిగుతుగా దూరేది సరైనది, తోస్తేగానీ పోనిది పెద్దదైనట్టు. ఒక్కో సందులో రెండు మూడుసార్లు ముందుకీ వెనక్కీ ఆడించి, కడిగి ఆరబెట్టండి. తీగ వంగితే పారేయండి. ధర మామూలు బ్రష్షుకన్నా ఎక్కువే, అయినా ఆ డబ్బుకు తగ్గ పని చేస్తుంది.

ఇన్ని సరుకులు కొన్నా, నోట్లో రోజంతా ఏముంటోందన్నది తేలకపోతే డబ్బు దండగే. తీపి తగిలిన ప్రతిసారీ నోరు పుల్లబారి, మామూలుకు రావడానికి కనీసం అరగంట పడుతుంది, వేరుకైతే ఇంకా ఎక్కువసేపు. రోజుకు ఆరు టీలంటే మూడు గంటలకు పైగా వేరు కరుగుతూనే ఉన్నట్టు. టీకి రెండు చెంచాల చక్కెర వేస్తే ఆరు టీలకే యాభై గ్రాములు దాటుతుంది. పండక్కి భోజనంతో పాటు నాలుగు భక్షాలు తినడం కన్నా, అదే తీపిని పొద్దంతా టీల్లో చప్పరించడమే పంటికి చేటు. తియ్యటి వక్కపొడి పొట్లాన్ని బుగ్గలో పెట్టుకుని గంటలు గడిపేవాళ్లకు సరిగ్గా ఆ బుగ్గవైపు దవడపళ్ల మెడల్లోనే, అంటే చిగురు పక్కభాగంలోనే, పుచ్చు కనిపిస్తుంది. ఎండాకాలం నిమ్మసోడా తాగితే వెంటనే తోమొద్దు, నీళ్లతో పుక్కిలించి అరగంట ఆగండి.

బీపీ, అలర్జీ, మానసిక సమస్యల మందుల్లో కొన్ని నోరు ఎండిపోయేలా చేస్తాయి, షుగరూ అంతే. మందు మానొద్దు, రాసిన డాక్టరుకు ఈ సంగతి చెప్పండి. నోరు తడవడానికి తీపి బిళ్లలు చప్పరించకుండా మాటిమాటికీ నీళ్లు గుక్కెడు తాగండి. తీసిపెట్టుకునే కట్టుడుపళ్లుంటే వాటి కొక్కేలు పట్టుకునే పళ్లకు ముప్పు ఎక్కువ. రాత్రి వాటిని తీసి, ఆ పళ్ల మెడల చుట్టూ విడిగా తోమాలి.

వేరు పుచ్చు చాలాకాలం నొప్పి పెట్టదు, పన్ను చుట్టూ పాకి ఒకరోజు మెడ దగ్గర విరుగుతుంది. కాబట్టి రంగు మారిన చోటును డాక్టరుకు చూపించండి. మెత్తగా, తోలులా తగిలితే పుచ్చు నడుస్తున్నట్టు. నల్లగా, గట్టిగా, నున్నగా ఉంటే ఆగిపోయినట్టు, దాన్ని చాలాసార్లు తవ్వాల్సిన పని ఉండదు. కడప రిమ్స్‌లోని ప్రభుత్వ దంత కళాశాలకు వెళ్లినా, ఊళ్లోని క్లినిక్‌కు వెళ్లినా, ‘ఫ్లోరైడ్ వార్నిష్ పూస్తారా’ అని అడగండి. అది పళ్లకు పూసే పూత, అందులో ఫ్లోరైడ్ 22,600 పీపీఎం ఉంటుంది. కొన్ని నిమిషాల పని, ముప్పు ఎక్కువున్నవాళ్లకు మూడు నెలలకోసారి పూస్తారు. మంచం పట్టిన పెద్దవాళ్లకైతే 38 శాతం సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ ద్రవం ఉంది. తవ్వకుండా, మత్తు సూది లేకుండా పుచ్చును ఆపుతుంది. పూసిన పుచ్చు మాత్రం నల్లగా మారిపోతుంది, ముందుపళ్లయితే ఆ సంగతి ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి పూయించండి.