అరవై అయిదు దాటాక ఊబకాయం: తిండి తగ్గించడమా, వ్యాయామమా, రెండూనా?

అరవై అయిదేళ్లు దాటినవారు బరువు తగ్గాలా వద్దా అన్న విషయంలో వైద్యులకే చాలాకాలం సందిగ్ధం ఉండేది. ఊబకాయం రక్తపోటును, మధుమేహాన్ని, గుండెజబ్బును పెంచుతుందని తెలిసినా, ఆ వయసులో బరువు తగ్గితే కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోతుందని, ఎముకలు బలహీనపడతాయని, పడిపోతే తుంటి విరుగుతుందని వారు వెనుకాడేవారు. ఆ భయానికి తగిన కారణం ఉంది. అందువల్ల ఎన్ని కిలోలు తగ్గామన్నది కాక, తగ్గినదానిలో కొవ్వెంత, కండ ఎంత అన్నదే ఇక్కడ అడగవలసిన ప్రశ్న. మన ముందున్న మార్గాలను ఈ ప్రశ్నతోనే బేరీజు వేయాలి.

ఇందుకు ఆధారం అమెరికా వైద్య పరిశోధకుడు డెన్నిస్ విల్లారియల్ బృందం 2011లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించిన ప్రయోగం. 65 ఏళ్లు, ఆపైబడిన 107 మంది ఊబకాయులను నాలుగు జట్లుగా విడదీసి ఏడాది పాటు గమనించారు. ఒక జట్టు ఆహారం మాత్రమే తగ్గించింది, ఒకటి వ్యాయామం మాత్రమే చేసింది, ఒకటి రెండూ చేసింది, నాలుగోది ఏమీ మార్చుకోలేదు. ఆహారం తగ్గించడమంటే పస్తులుండడం కాదు. రోజుకు కావలసిన శక్తిలో 500 నుంచి 750 కిలోకేలరీలు తగ్గించి, శరీరబరువులో కిలోకు సుమారు ఒక గ్రాము చొప్పున మాంసకృత్తులు అందేలా చూశారు.

ఆహారం మాత్రమే తగ్గించినవారి బరువు 10 శాతం, రెండూ చేసినవారి బరువు 9 శాతం తగ్గింది. తూకం మాత్రమే చూస్తే మొదటి జట్టుదే పైచేయి. కానీ ఆ జట్టులో కండ 5 శాతం, తుంటి ఎముక సాంద్రత 3 శాతం తగ్గిపోగా, రెండూ చేసినవారిలో ఆ నష్టం 3 శాతం, 1 శాతం దగ్గరే ఆగింది. శారీరక సామర్థ్య పరీక్షలో ఆహారం జట్టు 12 శాతం, వ్యాయామం జట్టు 15 శాతం, రెండూ చేసిన జట్టు 21 శాతం మెరుగుపడ్డాయి. ఆ పరీక్షలో ఉండేవి చాలా మామూలు పనులు: నేలమీద పడిన నాణేన్ని వంగి తీసుకోవడం, కోటు తొడుక్కుని విప్పడం, పుస్తకాన్ని అరలో పెట్టడం, చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి అయిదుసార్లు లేచి నిలబడడం, మెట్లెక్కడం. ముసలితనంలో ఒకరి మీద ఆధారపడకుండా బతకగలమా లేదా అన్నది తేలేది ఈ పనుల దగ్గరే కనుక, నాకు ఆ 21 శాతమే అన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది.

ఇక గుండె సంగతి. పొట్ట లోపల, పేగుల చుట్టూ పేరుకునే కొవ్వు తొడల దగ్గరి కొవ్వు లాంటిది కాదు. అది విడుదల చేసే కొవ్వు ఆమ్లాలు కాలేయానికి చేరి, ట్రైగ్లిజరైడ్లను (రక్తంలో తిరిగే ఒక రకం కొవ్వును) పెంచి, ఇన్సులిన్ పనిని మందగింపజేస్తాయి. వయసుతో కండ తగ్గి పొట్ట పెరుగుతుంది కనుక, తూకం మారకపోయినా ఈ ముప్పు పెరుగుతూనే ఉంటుంది. ఈ లెక్కలో వ్యాయామం ఒక్కటే చాలలేదు: అదే ప్రయోగంలో ఆ జట్టువారి నడుము చుట్టుకొలత, ట్రైగ్లిజరైడ్లు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. ఆహారం తగ్గించిన రెండు జట్లలోనూ తగ్గాయి. ఇన్సులిన్ పట్ల శరీరం స్పందించే తీరు మాత్రం రెండూ కలిపినవారిలోనే ఎక్కువగా బాగుపడింది.

అయితే ఏ వ్యాయామం? నడక చాలదా అని చాలామంది అడుగుతారు. 2017లో అదే బృందం 160 మందితో ఈ ప్రశ్ననే పరీక్షించింది. బరువు తగ్గుతూ నడక వంటి వ్యాయామం మాత్రమే చేసినవారిలో కండ 5 శాతం తగ్గితే, బరువులెత్తినవారిలో 2 శాతమే తగ్గింది. రెండు రకాలూ చేసినవారి శారీరక సామర్థ్యం అందరికన్నా ఎక్కువగా పెరిగింది. కాబట్టి నడకను మానవద్దు, దానికి వారానికి కనీసం రెండు రోజులు కండలకు పని చెప్పే వ్యాయామాన్ని జోడించాలి. వయసు మళ్లినవారు బరువులెత్తకూడదన్న పాత నమ్మకం ఎందరికో చేటు చేసింది.

మందుల మార్గమూ ఇప్పుడుంది. 2023లో వెలువడిన సెలెక్ట్ ప్రయోగంలో, అప్పటికే గుండె, రక్తనాళాల జబ్బు ఉండి మధుమేహం లేని 17,604 మంది అధిక బరువు గలవారిలో, ఆకలిని తగ్గించి బరువు తగ్గించే సెమాగ్లూటైడ్ అనే మందు ఇంజెక్షన్ గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలను కలిపి చూస్తే 20 శాతం తగ్గించింది. ఇది పెద్ద ఫలితమే. ఆహార, వ్యాయామాల మీదే ఆధారపడిన లుక్ అహెడ్ ప్రయోగం మధుమేహులలో అలాంటి తగ్గుదలను చూపలేక 2012లో ఆగిపోయిందన్న నిజాన్నీ దాచకూడదు. అందుకే ఒకసారి గుండెపోటు వచ్చినవారు ఈ మందు గురించి వైద్యుణ్ని అడగడం సమంజసమని నా అభిప్రాయం. కానీ మందుతో తగ్గే బరువులోనూ కండ ఉంటుంది కనుక, అది వాడేవారికి కూడా కండల వ్యాయామం తప్పదు.

మొదలుపెట్టేముందు ఒక జాగ్రత్త. తగ్గాలని ప్రయత్నించకుండానే బరువు తగ్గుతున్నవారికి ఇదేదీ వర్తించదు. వారు ముందు వైద్యుణ్ని కలిసి కారణం తెలుసుకోవాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాంసకృత్తులను తమంతట తాము పెంచుకోకూడదు. బరువు తగ్గేకొద్దీ రక్తపోటు, చక్కెర కూడా తగ్గుతాయి కాబట్టి, పాత మోతాదులోనే మాత్రలు, ఇన్సులిన్ కొనసాగిస్తే లేచి నిలబడగానే కళ్లు తిరిగి పడిపోవచ్చు. మోతాదు తగ్గించాలేమో మొదటి నెలల్లోనే వైద్యునితో మాట్లాడి తేల్చుకోవాలి.