అద్దెకిచ్చిన ఫ్లాటు, అటాచ్డ్ బాత్రూం: నిజాంపేట అనుభవం

అద్దెల కోసం ఫ్లాటు కొనేవాళ్లు మెట్రో ఎంత దూరం, మంజీరా నీళ్లు వస్తాయా అని అడుగుతారు. బాత్రూం కింద ఎవరుంటున్నారని ఎవరూ అడగరు. నా కడుపుమంటంతా అక్కడే.

హైదరాబాద్ నిజాంపేటలో పాత డబుల్ బెడ్రూం కొని అద్దెకిచ్చి ఏళ్లవుతోంది. ఐదో తారీఖు లోపు ఫోన్‌పేలో డబ్బు పడేది. అడిగినవాళ్లందరికీ కళ్లు మూసుకుని కొనేయమన్నాను.

ఓ ఆదివారం కింది ఫ్లాటాయన ఫోన్ చేశారు. "సార్, మా బాత్రూం పైకప్పు పెచ్చులూడి బకెట్లో పడింది. ఒకసారి వచ్చి చూడండి." వెళ్తే స్లాబు చెమ్మతో నల్లబడి ఉంది. ప్లంబరు మా బాత్రూంలో నీళ్లు పోయే కన్నానికి గుడ్డ కుక్కి, మడమ మునిగేలా నీళ్లు నిలబెట్టాడు. తెల్లారేసరికి కింద చుక్కలు. టైల్స్ పగలగొట్టాల్సిందే అన్నాడు.

మా అద్దెకున్నామె, "అంకుల్, పాపకి ఇంటర్ పరీక్షలు, ఒక్క నెల ఆగండి" అంటుంది. కిందాయనేమో, "నెలాగితే ఇనుము తుప్పు పడుతుంది" అంటారు. ఇద్దరిదీ న్యాయమే. అసోసియేషన్ వాళ్లు మీరూ మీరూ చూసుకోండని తప్పుకున్నారు. చివరికి పరీక్షల మధ్య సెలవుల్లో తవ్వించాను. పైపు జాయింటు విరిగి ఉంది. అతికించి, వాటర్‌ప్రూఫింగ్ రెండు పూతలు వేయించి, మళ్లీ నీళ్లు నిలబెట్టి చూశాకే టైల్స్ పరిపించాను. పాత డిజైను బజారులో దొరకలేదు, ఓ మూల వేరే రంగే ఉండిపోయింది. కిందాయన సీలింగ్ పెయింటు కూడా నా ఖాతాలోనే. ఆ నెల అద్దె పదో తారీఖు దాటాక పడింది. అడగడానికి నాకూ మొహం చెల్లలేదు. ఖాళీ చేసేటప్పుడు రంగులకని ఓ నెల అద్దె పట్టుకోవడం ఇక్కడ మామూలే గానీ, దీనికి ఎవరి దగ్గర పట్టుకుంటాం?

బిల్లులు తీసుకెళ్తే ఆడిటరు పక్కన పెట్టేశాడు. ఆదాయపు పన్ను లెక్కలో, మనం కట్టిన ఇంటిపన్ను పోగా మిగిలిన అద్దెలో 30 శాతం ఎలాగూ మినహాయిస్తారు. పైసా ఖర్చు పెట్టకపోయినా, బాత్రూం మొత్తం తవ్విపోసినా అంతే. లోను ఉన్నవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. వడ్డీ వల్ల వచ్చే నష్టాన్ని పాత పన్ను విధానంలో ఏటా 2 లక్షల దాకా జీతంలో సర్దుకోవచ్చు. కొత్త విధానంలో కుదరదు.

ఇంకోటి కొనే పనైతే స్టిల్ట్ పార్కింగ్ మీదుండే మొదటి అంతస్తే చూస్తాను. కారినా కార్ల మీదే కారుతుంది.

దీన్ని మాత్రం అమ్మను. నేనుండేది దగ్గర్లోని కూకట్‌పల్లిలో, బండి మీద ఇట్టే వెళ్లొస్తాను. లోను తీరిపోయింది. డల్లాస్‌లో ఉండే మా బావమరిది తనకూ ఒకటి చూడమంటున్నాడు. ఎన్ఆర్ఐ ఓనరైతే అద్దెకున్నవాళ్లే అద్దెలోంచి టీడీఎస్, అంటే పన్ను, ముందే పట్టి కట్టాలి, ఆ తతంగం వేరే. అదంతా ఓర్చుకునేవాళ్లు దొరికినా, కింది ఫ్లాటు నుంచి ఫోనొస్తే వెళ్లేది నేనే కదా. అందుకే ఇంకా ఏ ఫ్లాటూ చూడలేదు.