రోజుకో అరగంట: ఫోను చూడాలా, బజారు తిరగాలా?

హన్మకొండలో నాదొక చిన్న డిజైన్ దుకాణం. పొద్దున తాళం తీసేలోపు ఒక అరగంట నా చేతిలో ఉంటుంది. ఆ తరువాత ఫ్లెక్సీలు, శుభలేఖలు, స్కూళ్ల కరపత్రాలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి, దేన్నీ తీరికగా చూసే వీలుండదు. ఆ అరగంటలో కంటపడినదే సాయంత్రం దాకా చేతికి వస్తుంది. అందుకే దాన్ని ఎక్కడ ఖర్చుపెట్టాలన్నది నాకు చిన్న ప్రశ్న కాదు. ఫోనులో పింటరెస్ట్, బిహాన్స్ లాంటి డిజైన్ బొమ్మల సైట్లను తిరగేయడం ఒక దారి. ఊళ్లో నడవడం రెండో దారి. పేరుమోసిన పాత ప్రకటనలను ముందు పెట్టుకుని కూర్చోవడం మూడోది. మూడింటినీ ఏళ్ల తరబడి చేసి చూశాను.

నాకు బుద్ధి వచ్చిన సంగతి ముందు చెప్పాలి. ఒక వ్యాపారి చపాటా కారం ప్యాకెట్టు చేసిపెట్టమన్నాడు. నేను ఫోనులో నలభై ప్యాకెట్లు దాచుకుని, వాటి పోలికలన్నీ కలిపి ఒకటి తయారుచేశాను. తెల్లటి నేపథ్యం, వెంట్రుకంత సన్నని అక్షరాలు, ఒక మూలన పొడవాటి మిరపకాయ గీత. నా కంటికి చాలా నాజూకుగా ఉంది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుంది సార్. కానీ ఇది కారమా, జ్వరం మందా?" అన్నాడు. ఆ మాట కన్నా రెండో మాట ఎక్కువ గుచ్చుకుంది. "మా కాయ ఇట్లా ఉండదు కదా." నిజమే. చపాటా మిరప పొట్టిగా, లావుగా, దాదాపు టమాటలా ఉంటుంది. ఘాటు తక్కువ, రంగు ఎక్కువ. 2025లో వరంగల్ పేరుతో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మిర్చి అమ్మే ఏనుమాముల మార్కెట్టు నా దుకాణానికి ఎంతో దూరం లేదు. అక్కడికి వెళ్లి ఒక్క బస్తాలోకి తొంగిచూసినా ఆ తప్పు జరిగేది కాదు.

అలాగని ఫోను దండగ అనను. మిఠాయి దుకాణానికి మొదటిసారి అట్టపెట్టె చేయాల్సి వచ్చినప్పుడు ఏ అంచు ఎటు మడవాలో, జిగురు ఎక్కడ పెట్టాలో నేర్పింది ఫోనే. ఊరంతా తిరిగినా ఆ విద్య చెప్పే మనిషి నాకు దొరకలేదు. భోజనశాల ధరల పట్టికలో అంకెలను ఎలా వరుసపెట్టాలి, ఒకే లోగోను బోర్డు మీదా రసీదు మీదా ఎలా నిలబెట్టాలి లాంటి పనివాడితనం అక్కడ పుష్కలంగా ఉంది. ఇబ్బంది వేరే చోట ఉంది. మనం ఒక బొమ్మను దాచుకుంటే దాని చుట్టాలను పది తెచ్చి చూపిస్తుంది, వాటిలో ఒకటి దాచుకుంటే దాని చుట్టాలను ఇంకో పది. వారం తిరిగేసరికి నేను చూసేదీ, ముంబయిలో ఇంకొకడు చూసేదీ ఒకటే అవుతుంది. పైగా తెర మీద రంగు వెలుతురుతో పుట్టినది. అచ్చులో రంగు నాలుగు సిరాల కలయిక. ఫోనులో మెరిసిన చిలకపచ్చను ఫ్లెక్సీ మీదికి తెస్తే కాకరకాయ రంగు తేలుతుంది.

తెలుగు అక్షరం దగ్గరికి వచ్చేసరికి ఫోను పూర్తిగా చేతులెత్తేస్తుంది. అక్కడ కనిపించే మంచి పోస్టర్లలో చాలావరకు ఇంగ్లీషువి. వాటిలో వరుసలు ఒకదానికొకటి ఆనుకుని, ఇటుకలు పేర్చినట్టు ఉంటాయి. చూసి ముచ్చటపడి తెలుగులో అలాగే పేర్చితే పై వరుస వత్తులు కింది వరుస గుడులలో గుచ్చుకుంటాయి. 'లక్ష్మి' అన్న ఒక్క మాట చాలు. పైన గుడి లేస్తుంది, కింద మవత్తు దిగుతుంది, మధ్యలో క్ష తన చోటు తాను అడుగుతుంది. ఇంగ్లీషులో పెద్దబడి (క్యాపిటల్) అక్షరాలతో ఒక మాటను గట్టిగా పలికించవచ్చు. మనకు ఆ సదుపాయం లేదు, లావుతోనో రంగుతోనో పరిమాణంతోనో నెట్టుకురావాలి.

ఈ చిక్కును ఎప్పుడో విప్పినవాళ్లు బోర్డులు రాసే పెయింటర్లు. వరంగల్ పాత బజారు సందుల్లో చేతిరాత బోర్డులు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. ఒక కిరాణా కొట్టు బోర్డు ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. వత్తును కాస్త చిన్నది చేసి, పక్క అక్షరం కింద ఖాళీగా ఉన్న చోటికి మెల్లగా జరిపాడు ఆ పెయింటరు. శ్రీ కింది క్రావడిని ఎడమకు చాచి, దాన్నే బోర్డుకు అలంకారం చేశాడు. అది ఏ ఫాంటులోనూ రాదు. మన పక్కనున్న బమ్మెర పోతన పేరుతో యూనికోడ్ ఫాంటు ఉంది, పోస్టర్లకు పనికొచ్చే రామభద్ర లాంటి లావుపాటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి, అన్నీ వాడుకుంటాను. కానీ వత్తును ఎక్కడికి జరపాలో ఆ బోర్డు చూశాకే తెలిసింది. ఇప్పుడు శీర్షికలన్నీ ఫాంటులో కొట్టి, ఆకారాలుగా మార్చి, వత్తులను చేత్తో సర్దుతున్నాను.

రంగుల విషయంలోనూ నా ఓటు బజారుకే. బతుకమ్మ పేర్చే ఆడవాళ్ల కన్నా గొప్ప రంగుల గురువులు నాకు దొరకలేదు. తెల్లటి గునుగుపూలను కట్టలు కట్టి రంగునీళ్లలో ముంచుతారు. రెండు ముదురు వరుసల మధ్య తంగేడు పసుపు నడిపిస్తారు, కన్ను అక్కడ కాసేపు ఆగుతుంది. వరంగల్ కొత్తవాడలో నేసే జంపఖానాలు ఇంకో పాఠం. పడుగు పేకల మీద వంపు నున్నగా రాదు, మెట్లు మెట్లుగానే వస్తుంది. అందుకే నేతగాడు వంపును వదిలేసి కోణాలతోనే పువ్వును చూపిస్తాడు. చిన్న లోగో గీసేటప్పుడు నాకు సరిగ్గా ఆ పొదుపే కావాలి. ఒకప్పుడు వరంగల్ జిల్లాలో ఉండి ఇప్పుడు సిద్దిపేటలోకి వెళ్లిన చేర్యాలలో గీసే, కథ చెబుతూ జనానికి విప్పి చూపించే పటాలైతే హోర్డింగులకు తాతల్లాంటివి. ఎర్రటి నేపథ్యం, గట్టి అంచుగీత, కథను పై నుంచి కిందికి అడ్డపట్టీలుగా విడగొట్టడం చూస్తే, దూరంగా కూర్చున్న జనానికి కూడా బొమ్మ అందాలన్న లెక్క కనిపిస్తుంది. బస్సులో వెళ్లేవాడికి హోర్డింగు అందాలన్నా అదే లెక్క.

అయితే బజారుకూ ఒక జబ్బుంది. దాని పేరు తోరణం. కాకతీయ కళాతోరణాన్ని 2014లో రాష్ట్ర చిహ్నంలో పెట్టారు, అది సబబే. కానీ మా ఊళ్లో బడికీ తోరణమే, ప్లాట్ల వెంచరుకూ తోరణమే, టిఫిన్ సెంటరుకూ తోరణమే. ఖిలా వరంగల్‌లో రాతి తోరణాలు నాలుగే ఉన్నాయి, విజిటింగ్ కార్డుల మీద నాలుగు వేలకు తక్కువ ఉండవు. మన ఊరి సరుకు కదా అని కళ్లు మూసుకుని వాడితే అది కూడా పింటరెస్ట్ కాపీ లాంటిదే.

ఇక పాత ప్రకటనలు. 1959 నాటి ఫోక్స్‌వ్యాగన్ ప్రకటనలో పేజీ అంతా తెల్లగా ఉంటుంది, ఒక మూలన చిన్న కారు, కింద 'చిన్నగా ఆలోచించు' అన్న భావం. కారు చిన్నదన్న లోపాన్నే అమ్ముడు సరుకు చేశారు. 1966 నుంచి అమూల్ పాప ఊళ్లో జరిగిన ముచ్చటనల్లా వెన్నతో ముడిపెట్టి చెబుతూనే ఉంది. వీటినుంచి రంగో రూపమో తెచ్చుకోవాలనుకుంటే దెబ్బతింటాం. అంత ఖాళీ వదిలి ఒక ఫ్లెక్సీ చేస్తే, "ఈ ఖాళీకి కూడా చదరపు అడుగు లెక్కన నేనే కదా డబ్బు కట్టేది" అన్నాడు ఒక బట్టల దుకాణం ఆయన. నా దగ్గర జవాబు లేకపోయింది. సరుకు గురించి చెప్పదగిన ఒక్క మాట ఏమిటని వెతికే అలవాటు మాత్రం వీటివల్లే వచ్చింది. అది రోజూ అక్కర్లేదు, ఆదివారం ఒక గంట చాలు.

కాబట్టి నా లెక్క ఇది. ప్యాకెట్టు, బోర్డు, పండుగ ఫ్లెక్సీ అయితే ముందు బజారుకే వెళ్లాలి. పెట్టె, పుస్తకం పేజీలు, ధరల పట్టిక అయితే ఫోను. సరుకు పది మంది అమ్మేదే అయి, తేడా ఏమిటో తెలియకపోతే పాత ప్రకటనలు. వారంలో నాలుగు రోజులు నడుస్తాను, రెండు రోజులు ఫోను చూస్తాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన పిల్లలైతే మొదటి ఏడాది ఫోను వైపు పోకుండా ఉంటేనే మంచిదని నా అభిప్రాయం, వాళ్లు వినరని తెలిసినా.

కారం ప్యాకెట్టు మళ్లీ చేశాను. ఏనుమాములలో చూసిన కాయనే లావుగా గీసి, వెనక చేర్యాల ఎరుపు దట్టంగా నింపి, 'చపాటా కారం' అని బోర్డు పెయింటరు రాసినట్టు లావుపాటి అక్షరాలు వేశాను. అదృష్టం, ఆ రెండు మాటల్లో ఒక్క వత్తు కూడా లేదు. వ్యాపారి చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

"ఇప్పుడు కారంలా ఉంది సార్. పైన చోటుంది కదా, ఆ తోరణం ఒకటి వేయండి."