కుస్కో చూడాలంటే గైడు టూరు మేలా, సొంతంగా తిరగడం మేలా?

పెరూలోని కుస్కోకు వెళ్లేవాళ్లు టూరు తీసుకోవాలా వద్దా అని ముందు డబ్బు లెక్క వేస్తారు. అసలు చూడాల్సింది ఊపిరి లెక్క. ఊరు సుమారు 3,400 మీటర్ల ఎత్తున ఉంది. సముద్రం ఒడ్డునున్న లిమా నుంచి విమానం గంటన్నర లోపే అక్కడ దించేస్తుంది. ఒంటికి ఆ పలచని గాలి అలవాటు కావాలంటే మాత్రం ఒకటి రెండు రోజులు పడుతుంది. అందుకే టూరైనా, సొంతంగా అయినా, దిగిన రోజు ఏమీ పెట్టుకోకండి.

సిటీ టూరు అని అమ్మేది ఎక్కువగా మధ్యాహ్నం బయల్దేరి చీకటి పడే వేళకు తిరిగొచ్చే బస్సు. అది తిప్పేది స్పెయిన్‌వాళ్లు రాకముందు ఇక్కడ ఏలిన ఇన్కాల రాతి కట్టడాలు: ముందు ఊళ్లోని సూర్య దేవాలయం కోరికాంచా, తర్వాత కొండమీద సక్సాయ్‌వామన్, కెన్కో, పుకా పుకారా, చివరగా తంబోమచాయ్. అంటే బస్సు పైపైకి పోతుంది. 3,700 మీటర్లు దాటిన తంబోమచాయ్‌కి చేరేసరికి మనిషి అలిసిపోయి ఉంటాడు, పైగా అక్కడ రోడ్డు నుంచి కట్టడం దాకా కాస్త ఎక్కాలి. జూన్‌లో ఆరు కాకముందే పొద్దు గూకుతుంది కాబట్టి, రాతి కాలువల్లోంచి నీళ్లు దూకే ఆ చోటును మసక వెలుతురులో చూసి వెనక్కి తిరగాల్సి వస్తుంది. రెండు భాషల టూరైతే గైడు ప్రతి మాటా స్పానిష్‌లో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి చెబుతాడు. సగం సమయం అందులోనే పోతుంది. దారిలో ఉన్ని బట్టల దుకాణం దగ్గర ఆపడం మామూలే. ప్రవేశ టికెట్లు చాలా టూర్ల ధరలో కలిసి ఉండవు, డబ్బు కట్టే ముందే అడగండి.

అవే నాలుగు కొండ కట్టడాలను సొంతంగా చూడాలంటే దారిని తిరగేస్తే చాలు. పొద్దున ఎనిమిదింటికల్లా పిసాక్ వెళ్లే బస్సెక్కి తంబోమచాయ్ దగ్గర దిగండి. పుకా పుకారా అక్కడికి దగ్గరే. అక్కణ్నుంచి కెన్కో, సక్సాయ్‌వామన్ చూసుకుంటూ ఊళ్లోకి దిగి రావచ్చు. మొత్తం సుమారు 8 కిలోమీటర్లు, దాదాపు అంతా దిగుడే. ఆగి ఆగి చూస్తే నాలుగైదు గంటలు. ఎత్తులో ఎండ చలిలో తెలియకుండానే చర్మాన్ని కాల్చేస్తుంది; టోపీ, సన్‌స్క్రీన్, మనిషికి రెండు లీటర్ల నీళ్లు ఉండాలి. నవంబరు నుంచి మార్చి దాకా వానలు, ముఖ్యంగా మధ్యాహ్నాలు, కాబట్టి ఆలస్యంగా బయల్దేరితే రాళ్లు జారతాయి.

టికెట్ దగ్గర చాలామంది పొరబడతారు. ఈ నాలుగింటికీ కలిపి విదేశీయులకు పాక్షిక టికెట్ 70 సోల్‌లు (పెరూ డబ్బు), అదీ ఒక్క రోజుకే. ఊరి బయట ఉన్న ఇన్కా చోట్లు పిసాక్, ఓయాంతాయ్‌తాంబో, చిన్చేరో, మొరాయ్‌లకు ఇంకో 70. రెండూ చూసే ఉద్దేశం ఉంటే 130 సోల్‌ల పూర్తి టికెట్ కొనండి, పది రోజులు చెల్లుతుంది. నగదు దగ్గర ఉంచుకోండి. కోరికాంచా, ఊళ్లోని పెద్ద చర్చి కెథడ్రల్ ఇందులో రావు, వాటికి వేరే టికెట్లు.

ఆ రెండు చోట్ల మాత్రం గైడు లేకుండా వెళ్లడం నష్టమే. కోరికాంచాలో గోడలు లోపలికి వాలి ఉంటాయి, గుమ్మాలు కింద వెడల్పుగా, పైన సన్నగా ఉంటాయి. సున్నం లేకుండా పేర్చిన రాళ్ల మధ్య చాకుమొన కూడా దూరదు. 1950 భూకంపంలో దాని మీద కట్టిన సాంటో డొమింగో చర్చి బాగా దెబ్బతింది, కింద ఉన్న ఇన్కాల గోడలు నిలబడ్డాయి. చూపించే మనిషి ఉంటే ఆ వాలు, ఆ గుమ్మాలు, ఆ రాళ్ల పేర్పుకూ గోడలు నిలబడటానికీ ఉన్న సంబంధం అర్థమవుతుంది. కెథడ్రల్‌లో మార్కోస్ జపాటా గీసిన ప్రభురాత్రి భోజన చిత్రంలో, క్రీస్తు ముందున్న పళ్లెంలో వెల్లకిలా పడుకోబెట్టినది ఆండీస్ కొండల గినీపంది. ఎవరూ చెప్పకపోతే దాని ముందు నుంచే నడిచి వెళ్లిపోతాం.

కాబట్టి ఊళ్లోని ఈ రెండింటికీ రెండు మూడు గంటలకు గైడును పెట్టుకుని, కొండమీది నాలుగూ మర్నాడు సొంతంగా దిగుతూ చూడటం మేలు. సక్సాయ్‌వామన్ గేటు దగ్గరా గైడులు దొరుకుతారు. గుర్తింపు కార్డు చూడండి. ధర మనిషికా, అందరికీ కలిపా, ఎంత సేపు అన్నది లోపలికి అడుగుపెట్టక ముందే తేల్చుకోండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, పెద్దవాళ్లు, చేతిలో ఒక్క పూటే ఉన్నవాళ్లు బస్సు టూరే తీసుకోవాలి, కాకపోతే ఉదయం పూట బయల్దేరేది వెతుక్కోండి.

మొరాయ్ మెట్ల పొలాలు, మరాస్ ఉప్పుమడుల సంగతి వేరు. బస్సు రోడ్డు మీద మలుపు దగ్గర దించేస్తుంది, అక్కణ్నుంచి టాక్సీ బేరమాడాలి. నలుగురు కలిసి రోజుకు కారు మాట్లాడుకోవడం, లేదా టూరు, అక్కడ సుఖం. ఇంకా ఊరు చూడని వాళ్లయితే దిగిన రోజే నేరుగా 2,800 మీటర్ల దగ్గరున్న ఓయాంతాయ్‌తాంబోకు వెళ్లి అక్కడ నిద్ర చేయండి. కుస్కో ఎత్తుకు తిరిగొచ్చేసరికి ఊపిరి కుదుటపడుతుంది.