నిలావెలిలో స్కూబా డైవింగ్: తిరుపతి నుంచి వెళ్లాలనుకునేవాళ్లకు

పోయిన జూన్‌లో నేనూ మా అమ్మాయీ శ్రీలంక వెళ్లి, త్రికోణమలై పక్కనున్న నిలావెలిలో ఐదు రోజులు స్కూబా డైవింగ్ (గాలి సిలిండరు కట్టుకుని నీళ్ల అడుగున ఈదడం) చేసి వచ్చాం. నాకు 47 ఏళ్లు, తిరుపతి బైరాగిపట్టెడలో ఉంటాం, బ్యాంకులో ఉద్యోగం. ఈత నేర్చుకున్నదే నలభై దాటాక. అండమాన్ ఉండగా శ్రీలంక ఎందుకని ఆఫీసులో అందరూ అడిగారు. అమ్మాయికి కాలేజీ సెలవులు ఉన్నది జూన్‌లోనే. అప్పుడు అండమాన్‌లో వానలు మొదలైపోతాయి, శ్రీలంక తూర్పు తీరంలో మాత్రం ఏప్రిల్, మే నుంచి సెప్టెంబరు దాకా సముద్రం నెమ్మదిగా ఉంటుంది. చెన్నై నుంచి కొలంబోకు విమానంలో గంటన్నర కూడా పట్టదు. అక్కడి నుంచి త్రికోణమలైకి రాత్రి రైలు ఉంది.

మేం వెళ్లిన డైవింగ్ సెంటర్ చిన్నదే. కొత్తవాళ్లకు నేర్పే ఓపెన్ వాటర్ కోర్సుకు మనిషికి మన డబ్బుల్లో 32 వేలు పడింది. ముందు వాళ్ల తప్పు చెప్పేస్తాను. కోర్సు మొదలయ్యే ముందు ఆరోగ్యం గురించి ఒక ఫారం నింపాలి. అందులో కొన్ని ప్రశ్నలకు 'అవును' అని రాస్తే డాక్టరు సంతకం కావాలి. నేను బీపీ మాత్ర వేసుకుంటాను. ఆ ఫారం నా చేతికిచ్చింది అక్కడికి వెళ్లాక! త్రికోణమలైలో డాక్టరు కోసం తిరిగి, సంతకం పెట్టించుకుని వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. డబ్బు కట్టించుకున్న రోజే ఆ ఫారం పంపి ఉంటే ఇక్కడే, మా డాక్టరు గారి దగ్గరే పని అయిపోయేది. బీపీ, షుగర్, ఆస్తమా ఉన్నవాళ్లు ఆ ఫారం ముందే అడిగి తెప్పించుకోండి.

ఈ ఒక్కటీ పక్కన పెడితే మిగతా అంతా మనసుకు నచ్చింది. ముఖ్యంగా మాకు నేర్పిన అబ్బాయి. అతను త్రికోణమలై తమిళుడు. మా సొంతూరు తమిళనాడు సరిహద్దులోని నగరి, తమిళం చిన్నప్పటి నుంచీ వచ్చు. అతని యాస వేరుగా ఉన్నా మాట మాత్రం బాగా అర్థమైంది. భయం వేసినప్పుడు మనకు వచ్చిన భాషలో "మెల్లగా అక్కా, ఊపిరి వదలండి" అని చెప్పేవాళ్లు పక్కనుంటే ఎంత ధైర్యమో! నగరి, పుత్తూరు, చిత్తూరు వైపు వాళ్లందరికీ ఈ సౌకర్యం ఉంది.

నా టెన్షన్ అంతా చెవుల గురించే. తిరుమల నుంచి ఘాట్ రోడ్డులో దిగుతుంటే చెవులు మూసుకుపోతాయి కదా, నీళ్లలో దిగుతున్నా అదే జరుగుతుంది, కాకపోతే చాలా త్వరగా. కొండ మొత్తం దిగితే పెరిగే గాలి ఒత్తిడి, నీళ్లలో ఒక్క మీటరు దిగితే పెరిగేదానికి మించదు. పది మీటర్లు దిగితే ఒత్తిడి రెట్టింపు అవుతుంది. అందుకే నొప్పి వచ్చే దాకా ఆగకుండా, అర మీటరుకొకసారి ముక్కు పట్టుకుని మెల్లగా గాలి ఊది చెవులు తెరుచుకోవాలి. నాకు ఎడమ చెవి మొండికేసింది. అతను ప్రతిసారీ నాతో పాటు తాడు పట్టుకుని కాస్త పైకి వచ్చి, మళ్లీ దిగాడు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

రెండో రోజు మాస్కులోకి నీళ్లు నింపి, ముక్కుతో ఊది బయటికి పంపే అభ్యాసం. మూడుసార్లు గాభరాపడి పైకి లేచాను. అమ్మాయి మొదటిసారే చేసేసింది. మర్నాడు మిగతావాళ్లతో పాటు మునిగిన ఓడ దగ్గరికి వస్తానంటే, "ఇది కుదిరే దాకా వద్దక్కా" అన్నాడు. అప్పుడు బాధేసింది. సాయంత్రం ఒక గంట అదనంగా, పైసా తీసుకోకుండా, నడుము లోతు నీళ్లలో కూర్చోబెట్టి అదే పనిగా చేయించాడు. ఏడోసారికో ఎనిమిదోసారికో కుదిరింది.

నిలావెలి ఎదురుగా సముద్రంలో ఉన్న చిన్న దీవి పీజియన్ ఐలాండ్ గురించి ఎక్కువ ఆశ పెట్టుకోకండి. 2003 నుంచి అది జాతీయ పార్కు. విదేశీయులకు టికెట్ బాగా ఎక్కువ. నల్ల మొనల సొరచేప పిల్లలు రెండు కనిపించాయి, మనుషుల్ని పట్టించుకోవు. కానీ ఒడ్డు దగ్గర పగడాలు చాలా చోట్ల విరిగి, ఎండిన కొమ్మల్లా కుప్పలుగా పడి ఉన్నాయి. లైఫ్ జాకెట్లు వేసుకుని వచ్చినవాళ్లు అలిసిపోయి పగడాల మీదే నిలబడుతున్నారు. పగడం రాయి కాదు, ప్రాణం ఉన్నది. కొన్ని రకాలు ఏడాదికి సెంటీమీటరు కూడా పెరగవు. దయచేసి కాలు పెట్టకండి.

నాలుగో రోజు నాకూ ఓడ చూసే వంతు వచ్చింది. నిలావెలికి దగ్గర్లోని ఇరక్కండి దగ్గర మునిగిన పాత ఇనప ఓడ అది. లోతు చూపే నా చేతి కంప్యూటర్‌లో 11 మీటర్లు చూపించింది. మొదట మసకగా ఒక గోడ, దగ్గరికి వెళ్తే పక్కటెముకల్లా ఇనప దూలాలు. వాటి మధ్య వేలెడంత చేపలు గుంపుగా, గాజు పెంకుల్లా మెరుస్తూ, మేం వెళ్తే పక్కకు జరిగి మళ్లీ కలిసిపోయాయి. ఒక రేకు కింద లయన్ ఫిష్ కదలకుండా ఉంది. దాని ముళ్లలో విషం ఉంటుంది, చేతులు ఒంటికి దగ్గరగా పెట్టుకోమని అతను సైగ చేశాడు. నా చేతికి కట్టుకున్న ఎర్ర తోరం చూసుకుంటే దాదాపు నల్లగా ఉంది. అతను టార్చ్ వేయగానే మళ్లీ కుంకుమలా ఎర్రబడింది. లోతుకు వెళ్లేకొద్దీ ముందుగా మాయమయ్యేది ఎరుపేనట. తోరం అదే, వెలుగే మారింది.

కాస్త అనుభవం ఉన్నవాళ్లకు ఇదే తూర్పు తీరంలో, దక్షిణంగా ఉన్న పాసికుడా దగ్గర మునిగిన బ్రిటిష్ సార్జెంట్ అనే ఆయిల్ ట్యాంకర్ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 ఏప్రిల్ 9న జపాన్ విమానాలు దాన్ని ముంచేశాయి. అదే రోజు మునిగిన బ్రిటిష్ యుద్ధనౌక హెర్మిస్‌తో పాటు 307 మంది పోయారు. హెర్మిస్ 50 మీటర్లకు పైగా లోతులో ఉంది, ప్రత్యేక శిక్షణ ఉన్నవాళ్లకే. మా కోర్సుతో 18 మీటర్ల దాకానే అనుమతి.

నాకు అన్నిటికన్నా ఎక్కువ గుర్తుండేది ఐదో రోజు త్రికోణమలైలోని స్వామి రాక్ అనే కొండ కింద సముద్రంలో చేసిన డైవ్. ఆ కొండ మీద శివుడి గుడి కోణేశ్వరాలయం ఉంది. దాన్నీ దక్షిణ కైలాసమనే అంటారు, మన శ్రీకాళహస్తిని అన్నట్టే. పాత గుడిని 1622లో పోర్చుగీసువాళ్లు కూల్చి, రాళ్లు కొన్ని కోటకు వాడుకున్నారు, కొన్ని సముద్రంలో పడ్డాయి. 1956లో సైన్స్ ఫిక్షన్ రచయిత ఆర్థర్ సి. క్లార్క్, ఆయన డైవింగ్ మిత్రుడు మైక్ విల్సన్ ఇక్కడి నీళ్లలో ఆ శిథిలాలను చూశారు. నేను చూసింది పక్కకు ఒరిగిన ఒక రాతి స్తంభం. నాచు పట్టినా అంచులు ఇంకా పలకలుగా తెలుస్తున్నాయి. ఉలి దెబ్బ తగిలిన చోటు మనకు తెలిసిపోతుంది. ముట్టుకోకూడదని ముందే చెప్పారు, రెండు చేతులూ జోడించాను. మాస్కులో కళ్లు తడిసిపోయాయి.

మర్నాడు రాత్రికి మా విమానం. పొద్దున ఇంకో డైవ్ చేయిస్తారా, డబ్బు ఇస్తామని అడిగాను. ఒప్పుకోలేదు. వరసగా డైవ్‌లు చేశాక విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలి, లేకపోతే డైవ్‌లలో ఒంట్లో చేరి మిగిలిన నైట్రోజన్ బుడగలు కట్టి ప్రాణం మీదికి రావచ్చు. వచ్చే డబ్బు వదులుకుని మరీ వద్దన్నందుకు ఆ అబ్బాయి మీద గౌరవం ఇంకా పెరిగింది.

ఆ పొద్దున గుడికి వెళ్లాం. దర్శనం అయ్యాక గోడ దగ్గర నిలబడితే, కింద చాలా లోతున చిన్న బోటు ఒకటి ఆగి ఉంది. "అమ్మా, నిన్న మనం దిగింది అక్కడే" అని చూపించింది అమ్మాయి. బోటు పక్కన నీళ్ల మీద తెల్లగా బుడగలు వస్తున్నాయి. ఎవరో మాలాగే దిగినట్టున్నారు.